అడిగింది ఎవరన్నదే అసలు సంగతి

విద్యార్థుల దగ్గర విరాళాలు ఎలా సేకరించాలో చెబుతూ వచ్చిన ఒక వ్యాసంలో, వాళ్లు సర్టిఫికెట్ కోసమే ఇస్తారని వ్యాసకర్త తేల్చేశారు. విజయవాడలో పాఠాలు చెప్పే నాకు అది సగం నిజమే అనిపిస్తోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిల్లలు తలా కొంత వేసుకున్నారు. సర్టిఫికెట్ మాట ఎవరూ ఎత్తలేదు. నీళ్లలో ఉన్నది పక్క బెంచీలో కూర్చునేవాడి ఇల్లు మరి! కొన్నాళ్లకు ముక్కూ మొహం తెలియని ఒక సంస్థ రసీదు పుస్తకం పంపింది. అదే తరగతిలో వంద రూపాయలు రాలడం గగనమైంది. వాళ్లలో జాలి ఇంకిపోయిందా? లేదు. అడిగింది ఎవరో, డబ్బు ఎటు పోతుందో తెలియలేదు, అంతే.

ఇచ్చేవారికి కలిగే తృప్తి కూడా దానానికి ఒక కారణమని ఆర్థికవేత్త జేమ్స్ ఆండ్రియోని 1990లోనే రాశారు. ఆ తృప్తికైనా డబ్బు చేరిందన్న కబురు అందాలి కదా.

ఇక విరాళమిస్తే ఆదాయపు పన్నులో దక్కే 80జి మినహాయింపు ఆశ చూపమని ఆ వ్యాసకర్త ఇచ్చిన సలహాకు నవ్వొచ్చింది. సంపాదనే లేని కుర్రవాడికి పన్నెక్కడిది? దానికన్నా, హాస్టల్ పిల్లలను నెలాఖరులో అడగకండి. ఇంటి నుంచి డబ్బు వచ్చిన వారంలో అడగండి. ఖర్చు లెక్క తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టండి.