దత్తత ఇళ్ళలో తిష్ట వేసిన గుట్టు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గుట్టు గారికి,

ఉభయకుశలోపరి. పిల్ల గడప తొక్కకముందే మీరొచ్చి పడక్కుర్చీలో కూర్చున్నారని తెలిసి రాస్తున్నాం. దత్తతల కోసం ప్రభుత్వం నడిపే కేరింగ్స్ పోర్టల్లో నమోదు, సోషల్ వర్కరు ఇల్లూ మనుషుల్నీ చూసి రాసుకెళ్ళిన హోమ్ స్టడీ, ఏళ్ళ తరబడి ఎదురుచూపు, జిల్లా కలెక్టరు దత్తత ఉత్తర్వు, పెంచిన అమ్మానాన్నల పేర్లతో జనన ధ్రువపత్రం, ఆపైన రెండేళ్ళపాటు ఆర్నెల్లకో రిపోర్టు. ఇంతమంది అధికారులకీ, జిరాక్సు షాపు కుర్రాడికీ తెలిసిన సంగతి ఇంట్లో ఒక్క మనిషికి తెలియకూడదని తమరి ఆజ్ఞ. ఆ మనిషి ఆ పిల్లే.

తమరి ఏలుబడి వేసవి సెలవుల్లో చూడాలి. మావయ్య పిల్లలందర్నీ వరసగా ఉడికిస్తాడు: "నిన్ను తవుడు పోసి కొన్నాంరా! నీకైతే తవుడు కూడా దండగన్నారు!" పిల్లలు గొల్లుమంటారు. "మరి నన్నో మావయ్యా?" అంటుందా పిల్ల. అంతే! మావయ్యకి పొలమారుతుంది, అత్త వంటింట్లోకి జారుకుంటుంది, అమ్మమ్మ "పద, నీళ్ళు పోస్తా" అంటుంది. పొద్దున్నే తలంటు పోసుకున్న పిల్లకి! ఆరేళ్ళ బుర్రకి ఆ మాత్రం చాలు.

మిగిలిన పరువు జీవశాస్త్రం పాఠంలో పోతుంది. రక్తం గ్రూపు చూస్తే అమ్మది ఓ, నాన్నది ఓ, పిల్లది బి. అలా పుట్టరని పుస్తకం చెబుతుంది. "బాంబే గ్రూపేమోలే" అంటాడు ఇంట్లో కాస్త చదువుకున్నాయన. ఆ గ్రూపు నిజంగానే ఉంది. 1952లో బొంబాయిలో బయటపడింది. ఎ, బి గుర్తులకి పునాదిగా రక్తకణాల మీద ఉండాల్సిన హెచ్ యాంటిజెన్ అనే పదార్థం ఉండదు కాబట్టి మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది. కానీ చాలా అరుదు. తమరి చలవవల్ల దత్తత ఇళ్ళలో మాత్రం తరచూ దొరుకుతోంది.

మాకు అసలు మంట ఆస్పత్రి ఫైలు దగ్గర. "ఇంట్లో ఎవరికైనా షుగరుందా?" అని డాక్టరు అడగ్గానే పెంచిన నాన్న షుగరూ, నాయనమ్మ ఉబ్బసమూ పిల్ల ఖాతాలో రాయిస్తారు తమరు. "దత్తత, వివరాలు తెలియవు" అని రాయిస్తే డాక్టరు దానికి తగ్గట్టు చూసుకుంటాడు.

కాబట్టి ఇల్లు ఖాళీ చెయ్యండి. రెండుమూడేళ్ళప్పుడే, ఇంకా అర్థం కాకముందే, అన్నం తినిపిస్తూ చెప్పే కబుర్లలో అదీ ఒకటి కావాలి: "ఇంకో అమ్మ కడుపులో పుట్టావు, మేమొచ్చి తెచ్చుకున్నాం." నాలుగేళ్ళకి అడిగినంతవరకే జవాబు. ఏడెనిమిదేళ్ళకి "ఎందుకు వదిలేసింది?" అని వస్తుంది, తెలిసింది చెప్పాలి, తెలియనిది తెలియదనాలి. కారు ప్రమాదంలో పోయిందని తమరు అల్లించిన తల్లి ఫైల్లో బతికే ఉండొచ్చు. ఊళ్ళో ఎవరికి చెప్పాలో, మానాలో ఆ పిల్ల ఇష్టం. పెళ్ళిళ్ళలో "ఎంత పుణ్యాత్ములమ్మా" అనే పెద్దమ్మలకి ఆ హక్కు లేదు.

ఇంకోమాట. 2022 దత్తత నిబంధనల ప్రకారం, పద్దెనిమిది నిండితే తన మూలాల కోసం తనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. తన వివరాలు బయటపెట్టొద్దని కన్నతల్లి అప్పుడే కోరి ఉంటే, ఆమె ఒప్పుకోనిదే ఇవ్వరు, అది వేరే సంగతి. ఆ దరఖాస్తు మీద తమరి సంతకం మాత్రం ఎవరూ అడగరు.

ఇట్లు,
దత్తత కాగితాలు మోసీ మోసీ అలిసినవాళ్ళం