డోలు నేర్పే గురువుకు జీతం ఎవరిస్తారు?

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంగీత విద్యాలయం ఉంది. 1928 నుంచి అక్కడ సీటు వచ్చిన పిల్లలెవరూ ట్యూషన్ ఫీజు కట్టింది లేదు. 1924లో దాన్ని స్థాపించిన మేరీ లూయీస్ కర్టిస్ బాక్ పత్రికల వ్యాపారంలో కోట్లు గడించిన సైరస్ కర్టిస్ కూతురు. అంతకు ముందే ఆమె వలస కుటుంబాల పేద పిల్లలు చదివే ఒక సంగీత పాఠశాలకు అండగా ఉండేవారు. విద్య ఉన్నా ఇంట్లో డబ్బు లేని పిల్లలను అక్కడ దగ్గర నుంచి చూశారు. 5 లక్షల డాలర్లతో మొదలుపెట్టిన నిధిని కొన్నేళ్లలోనే కోటి డాలర్లు దాటించారు. అసలు మొత్తం కదలకుండా ఉంటుంది, దాని మీద వచ్చే రాబడితో బడి నడుస్తుంది. ఆమె దానంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ ఏర్పాటే.

మనకూ దాతలున్నారు. 1919లో విజయనగరం రాజావారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌ను చేశారు. అదే కళాశాలలో చదవడానికి వెళ్లిన ఘంటసాల జోలె పట్టుకుని ఇంటింటా మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. బడి ఉంటే చాలదు, పిల్లవాడి పూట గడవాలి.

ఇప్పుడు మన వరంగల్ సంగతి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లినవాళ్లకు ఒగ్గు పూజారులు నేల మీద రంగుల ముగ్గుతో పట్నం వేయడం, డోలు మోగుతుంటే మల్లన్న కథ సాగడం కొత్త కాదు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య గారు ఆ ఒగ్గు కథను ఊళ్ల నుంచి ఢిల్లీ దాకా తీసుకెళ్లారు. 2017లో ఆయన కన్నుమూశారు. ఆ జిల్లాకే చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ అవార్డుతో శిష్యుడు తయారు కాడు. తండ్రి వెంట తిరిగి నేర్చుకోవాల్సిన కొడుకు హైదరాబాద్‌లో డెలివరీ పనికి పోతే ఆ కథ అక్కడే ఆగిపోతుంది. ఆ కొడుకును తప్పుపట్టలేం, నెల తిరిగేసరికి కిరాయి కట్టాలి కదా.

మన దగ్గర విరాళమంటే గుడి కమాను, ఫంక్షన్ హాలు, శిలాఫలకం. అవీ అవసరమే కావచ్చు. ఒక్కసారి ఈ లెక్క చూడండి. కోటి రూపాయలు 7 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 7 లక్షలు వస్తాయి. ధరలు పెరుగుతాయి కాబట్టి 2 లక్షలు మళ్లీ అసలులో కలపాలి. మిగిలిన 5 లక్షలతో ఒక గురువుకు నెలకు 20 వేలు, ఏడుగురు శిష్యులకు తలా 3 వేలు ఇవ్వొచ్చు. కొత్త భవనం అక్కర్లేదు. గురువు ఇంటి అరుగు, జాతర చాలు.

ఒగ్గు కథను సిలబస్‌లో పెడితే ప్రాణం పోతుందనే భయం నాకూ ఉంది. అందుకే ఎవరిని శిష్యుడిగా తీసుకోవాలి, ఏది ముందు నేర్పాలి అన్నది గురువుకే వదిలేయాలి. దాత ఒక్క షరతు పెడితే చాలు: ఆడపిల్ల వచ్చి అడిగినా, వేరే కులం పిల్లవాడు వచ్చి అడిగినా కాదనకూడదు. ఇది అంత తేలిక కాదు, ఒగ్గు కురుమల ఇంటి విద్య. వాళ్లతో కూర్చుని, వాళ్లను ఒప్పించి చేయాల్సిన పని.

వరంగల్‌లో చదువుకుని విదేశాల్లో స్థిరపడినవాళ్లు వేలల్లో ఉన్నారు. పదిమంది కలిసి తలా 10 లక్షలు వేస్తే ఈ కోటి పూర్తవుతుంది. వచ్చే సంక్రాంతికి సొంతూరికి వచ్చినప్పుడు ఐనవోలు వెళ్లండి. పట్నం వేసే పెద్దాయన పక్కన తాళం పట్టుకున్న పిల్లవాడు ఎవరైనా ఉన్నాడేమో చూడండి.