కార్న్‌ఫ్లోర్ గారికి డెల్టా నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ కార్న్‌ఫ్లోర్ గారి సముఖానికి,

భీమవరం, పాలకొల్లు, అమలాపురం మాంసప్రియులు రాసుకున్నది. ఇక్కడ అందరం క్షేమం, షుగరు రిపోర్టులు తప్ప.

అయ్యా, పొద్దున పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీలు), మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. సాయంత్రం ప్లేటులోనన్నా వట్టి మాంసం తిందామంటే చికెన్ పకోడీలో మీరే కూర్చున్నారు. సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడిలా మర్యాదలన్నీ మీకే, కోడి ఎక్కడో లోపల. మీ ఒంట్లో నూటికి 90 పాళ్లు పిండిపదార్థమే. అరకిలో కోడికి నాలుగు పెద్ద చెంచాలు మీరు దిగితే 28 గ్రాముల పిండిపదార్థం తేలింది. కోడి సొంతంగా తెచ్చేది ఇంచుమించు సున్నా.

మీరు లేనిదే కరకరలాడదని మీ వాళ్ల ప్రచారం. కాదండి బాబూ, కరకరలాడాలంటే నీళ్లు పోవాలి. తడి ఉన్నంతసేపు ముక్క పైభాగం 100 డిగ్రీలు దాటదు, ఎర్రబడదు. మీరు పైన కరకరలాడే పెంకు కట్టినా కోడి తడి లోపలే ఉంటుంది. దించిన కాసేపటికి ఆ ఆవిరికే మీరూ మెత్తబడతారు.

మీ అవసరమే లేని సరుకు కోడి స్కిన్. చికెన్ షాపులో తీసి పక్కన పడేస్తారే, అదే. లోపలివైపు కొవ్వు ముద్దలు కత్తితో గీకి, కడిగి, గుడ్డతో గట్టిగా అద్ది, ఫ్రిజ్‌లో మూత పెట్టకుండా రెండు గంటలు ఉంచాలి. మన తేమ గాలికి బయట పెడితే ఆరదు సరికదా, వాసనేస్తుంది. మందపాటి మూకుడు చల్లగా ఉండగానే పరిచి సన్నమంట పెట్టాలి. నూనె చుక్క అక్కర్లేదు, దాని కొవ్వే కరిగి ఊరుతుంది. మొదట ఒకటే చిటపట. మధ్యలో ఒకసారి తిరగేస్తే ఇరవై నిమిషాలకి అటూఇటూగా బుడగలు సన్నబడి చప్పుడు తగ్గుతుంది, అంటే నీళ్లు అయిపోయినట్టే. అప్పుడు మంట కాస్త పెంచి, రంగు తిరగ్గానే తీసేయాలి. మొదటే పెద్దమంట పెట్టారా, అంచులు మాడి నడుమ రబ్బరులా సాగుతుంది. ఉప్పూ కారం దించాకే చల్లాలి. మరిగే కొవ్వులో కారం నల్లబడి చేదెక్కుతుంది.

ఇక ఖీమా ఉండలు. మీరో, మీ తమ్ముడు పుట్నాలపప్పో లేకపోతే విడిపోతాయట! విడిపోయేది కొట్టించాక కడిగిన ఖీమా. మాంసం ముందే కడిగి, నీరోడ్చాకే కొట్టించాలి. అరకిలోకి తలగొట్టిన చెంచాడు ఉప్పు, ఒక గుడ్డు, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి ఐదు నిమిషాలు పిసికితే ఉప్పుకి మాంసమే జిగురు వదిలి వేళ్లకి అంటుకుంటుంది. ఉల్లిపాయ వద్దు, నీరు కక్కి ఉండని పగలగొడుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి, ఎండుకొబ్బరి తురుములో పొర్లించి (కోనసీమలో దానికి కరువా!) మధ్యస్థ మంట మీద వేయించడమే. మంట పెరిగితే కొబ్బరి మాడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది.

మా కోనసీమ మోరి ఊరి జీడిపప్పు సంగతేంటని మీరు ఎత్తిపొడవచ్చు. నిజమే, 30 గ్రాముల పప్పుకి 9 గ్రాముల పిండిపదార్థం. నాలుగు పలుకులతో ఆపుతాం లెండి.

మీ బతుకుతెరువుకేం ఢోకా లేదు, మంచూరియా బళ్లు బోలెడున్నాయి. వెళ్తూ వెళ్తూ ఆ ఎర్రరంగుని కూడా వెంటబెట్టుకెళ్లండి. మీరు లేకపోతే అది అంటుకునేది మా వేళ్లకే.

ఇట్లు,
డెల్టా మాంసప్రియులు