సాంటా టికెట్టు గారికి, విజయవాడ గుణదల నుంచి

అయ్యా టికెట్టు గారూ,

మీరు ఇంకా నా పర్సులోనే ఉన్నారు, మందుల చీటీకీ పాల లెక్క కాగితానికీ మధ్య నాలుగు మడతల్లో. పారేద్దామని రెండుసార్లు బయటికి తీశాను గానీ మీ నుదుటి మీద అచ్చేసిన 499 చూసి చెయ్యి రాలేదు.

మన పరిచయం ఎలా అయిందో గుర్తుచేస్తాను. డిసెంబరు మొదటివారంలో ఒకరోజు, మాల్‌లో క్రిస్మస్ తాతని కలిపించే టికెట్టుగా ఫోన్‌లో కనిపించారు. మంచు, దీపాలు, తెల్లగడ్డం, ఆ గడ్డం పక్కన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న పిల్ల. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘499 నుంచి’. బీసెంట్ రోడ్డులో క్లిప్పుల ప్యాకెట్టు దగ్గర పది రూపాయల కోసం పావుగంట నిలబడే మనిషిని, మీ దగ్గర ఆ ‘నుంచి’ని చదివి కూడా చదవనట్టు ఓటీపీ కొట్టేశాను.

నుంచి అంటే ఏమిటో కౌంటర్ దగ్గర తెలిసింది. 499 ఒక పిల్లకి. మాకు ఇద్దరు, యూకేజీ చదివే వాడొకడు, మూడేళ్ళది ఒకటి. వెంట వచ్చే పెద్దవాళ్ళకి తలకి 150. ‘మేం బయటే ఉంటాం, పిల్లల్ని పంపిస్తాం’ అన్నాను. ‘పెద్దవాళ్ళు లేకుండా పిల్లల్ని పంపించం మేడమ్’ అన్నారు మీ వాళ్ళు. పోకపోతే కుదరదు, పోతే డబ్బు కట్టాలి. మా ఆయన నా వైపు చూశారు, నేను సీలింగ్‌కి వేలాడుతున్న నక్షత్రం వైపు చూశాను. లోపల సొంత ఫోన్‌తో ఫోటో తీయకూడదట, వాళ్ళు తీసిన ప్రింటు 300. అన్నీ కలిపి 1598. పదహారు వందలకి రెండు రూపాయలు తక్కువ, మీ దయ.

మీలో నాలుగు నుంచి నాలుగున్నర అని రాసి ఉంది. లోపలికి పిలిచింది ఐదూ ఇరవైకి. ఈలోగా క్యూ ఎటు తిప్పారో చూశారా, బొమ్మల షాపు మధ్యలోంచి! గంటా ఇరవై నిమిషాలు, ఇద్దరు పిల్లలు, రెండు పక్కలా చేతికందే ఎత్తులో కార్లూ టెడ్డీలూ. ఆ క్యూ గీసిన మనిషికి దండం పెట్టాలి. మంచు అని చల్లిన థర్మాకోల్ గుండ్లలో ఒకటి మా చిన్నది నోట్లో పెట్టుకుంది, వేలు పెట్టి తీశాను.

తాత దగ్గరికి వచ్చాం. ఆయన గడ్డం చెవుల వెనక్కి ఎలాస్టిక్‌తో కట్టి ఉంది, మాట్లాడినప్పుడల్లా మీసం నోట్లోకి పోతుంటే నాలికతో బయటికి తోసుకుంటున్నారు. ఎర్ర కోటు కింద నీలం హవాయి చెప్పులు. చిన్నది ఆ గడ్డాన్ని చూసి పెట్టిన కేకకి వెనక క్యూలో ఇంకో ముగ్గురు అందుకున్నారు. పెద్దవాడు మాత్రం వారం నుంచి దాచుకున్న ప్రశ్న అడిగేశాడు. ‘తాతా, నీ బండి లాగే జింకలేవి?’ ఆయన ఒక్క క్షణం తడుముకుని ‘సెల్లార్‌లో కట్టేశాను నాన్నా’ అన్నారు. ఫ్లాష్ వెలిగింది. ‘నెక్స్ట్’ అన్నారు. మా ఆయన ఇంజినీరు కదా, టైము చూసుకున్నారట. 42 సెకన్లు. సెకనుకి 38 రూపాయల చొప్పున పడింది. ఫోటోలో చిన్నదాని నోరు తప్ప ఇంకేమీ కనిపించదు. ‘ప్రీమియం గిఫ్ట్’ విప్పితే పెన్సిలు, రబ్బరు, చక్రం ఊడిన కారు. ఆ చక్రం మూడేళ్ళ పిల్ల గొంతులో పట్టడానికి సరిగ్గా సరిపోయే సైజు.

ఇంతకీ మీ ఇంటి పెద్ద, అంటే ఈ సాంటా కథకి మూలపురుషుడి సంగతి మీకు తెలుసో లేదో. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊళ్ళో నికొలస్ అని ఒక బిషప్ ఉండేవారు. ఒక తండ్రికి ముగ్గురు ఆడపిల్లలు, కట్నం ఇచ్చే స్తోమత లేదు. ఈయన రాత్రిపూట ఎవరి కంటా పడకుండా కిటికీలోంచి బంగారం మూట విసిరి వెళ్ళారని కథ. కట్నం బాధ తెలిసినాయన కాబట్టి ఆయన మాకు దగ్గరి చుట్టమే అనిపిస్తుంది నాకు. ఆ కిటికీ దగ్గర కూడా కౌంటర్ పెట్టి ఉంటే ఆ మూడు పెళ్ళిళ్ళు అయ్యేవా చెప్పండి. అంత వెనక్కి ఎందుకు, ఫిన్లాండ్‌లో రొవానియేమి అనే ఊరి దగ్గర, ఆర్కిటిక్ వలయం గీత మీదే సాంటా ఆఫీసు ఉంది. అక్కడ కూడా ఆయన్ని కలవడానికి టికెట్టు లేదు, డబ్బంతా ఫోటో దగ్గరే. కిటుకు ఫోటోలో ఉందని అక్కడివాళ్ళకీ తెలుసు. మీరు మాత్రం ఫోటోకీ, తాతకీ, తాతని చూసే పిల్లకీ, ఆ పిల్లని చూసే తల్లికీ విడివిడిగా రేటు కట్టారు.

అయినా మిమ్మల్నే అనడం ఎందుకు, నా తప్పూ ఉంది. మేం క్రిస్టియన్లం కాదు గానీ మేరీమాత కొండ ఉన్న గుణదలలో ఇల్లు పెట్టుకుని క్రిస్మస్ తాతని చూడకుండా డిసెంబరు దాటడం ఎవరి తరమూ కాదు. రాత్రి పదింటికి మా సందులోకి క్యారల్స్ వాళ్ళ ఆటో వస్తుంది. మైకు, డ్రమ్ము, కీబోర్డు, వాటి ముందు ప్లాస్టిక్ మాస్కు పెట్టుకుని చిందులేసే తాత. పక్కింటి ఆంటీ వాళ్ళ గుమ్మంలో అరగంట పాడతారు, సందులో పిల్లలందరికీ గుప్పెడేసి చాక్లెట్లు, ఆంటీ చేత్తో వండిన గులాబీ పువ్వులు. మా చిన్నది ఆ మాస్కుని చూసి ఏడవకపోగా దాంతోపాటు గెంతింది. ఆంటీ వద్దన్నా కవర్లో ఒక వంద పెట్టి ఇచ్చాను. స్కూల్లో పండగకి ముందే చేసే సెమీ క్రిస్మస్‌కి ఇంకో తాత ఉచితం, కేకు ముక్కతో సహా. ఇంతమంది తాతలు ఉండగా మీ దగ్గరికి ఎందుకొచ్చానంటే, క్లాసులో అమ్మలందరూ మాల్ తాతతో దిగిన ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. అంతే.

మా చెల్లెలు గుంటూరు నుంచి ఫోన్ చేసింది, ‘అక్కా, మేమూ వద్దామనుకుంటున్నాం, బాగుందా?’ అని. వాళ్ళ ఊరికి 1842లోనే అమెరికా నుంచి ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ వచ్చి లూథరన్ చర్చి మిషన్ మొదలుపెట్టారు, క్రిస్మస్ చూడ్డానికి కృష్ణ దాటి రావాల్సిన అవసరం వాళ్ళకేముంది? అదే అన్నాను. వినదు కదా. సరే, అయితే డబ్బు కట్టే ముందు నాలుగు మాటలు అడుగు అన్నాను. రేటు పిల్లకా ఇంటిల్లిపాదికా, పెద్దవాళ్ళకి ఎంత, మన ఫోన్‌తో ఫోటో తీయనిస్తారా, తాత దగ్గర ఎన్ని నిమిషాలు కూర్చోనిస్తారు. ఆ ఆఖరిది అడిగితే అవతలివాళ్ళు నీళ్ళు నమిలారంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్. ఇంకొకటి, శని ఆదివారాల్లో సాయంత్రం పోకు, వారం మధ్యలో పొద్దున్నే పో, మూడేళ్ళ పిల్లలకి నిద్ర ముంచుకొచ్చే వేళ తాతేంటి, సాక్షాత్తూ దేవుడు దిగినా ఏడుస్తారు. ‘ఇవన్నీ నువ్వు ఎందుకడగలేదక్కా?’ అంది. నెట్‌వర్క్ బాగోలేదని కట్ చేశాను.

టికెట్టు గారూ, ఒక్క విషయం మీకు చెప్పలేదు. మీ దగ్గర్నుంచి బయటపడ్డాక మావాడు ఇంటికి రానన్నాడు. జింకల్ని చూడాలి, సెల్లార్‌లో ఉన్నాయని తాతే చెప్పాడు కదా. బీ వన్ అంతా తిరిగాం, బీ టూ అంతా తిరిగాం. స్తంభం స్తంభం వెనకా వంగి చూశాడు, ఒక ఎర్ర స్కూటీ దగ్గర వాసన కూడా చూశాడు. చివర్లో జనరేటర్ పక్కన ఆయన కనిపించారు. టోపీ తీసి బండి అద్దానికి తగిలించి, గడ్డం మెడకిందికి లాగేసి, పేపర్ కప్పులో టీ తాగుతున్నారు. పాతికేళ్ళు కూడా ఉండవు. ‘జింకలేవి?’ అన్నాడు మావాడు. ‘ఇందాకే గుణదల కొండమీదికి మేతకి తోలాను రా, ఎంతసేపని కట్టేస్తాం’ అన్నారు ఆయన, ఈసారి తడుముకోకుండా. ఏం తింటాయి, పేర్లేంటి, రాత్రి చలేస్తే ఏం చేస్తాయి, అన్నిటికీ సమాధానం చెప్పారు. గడ్డం లేదు కాబట్టి చిన్నది భయపడలేదు, దగ్గరికెళ్ళి నిలబడింది. టీలో ముంచిన బిస్కెట్ సగం విరిచి ఇచ్చారు, తినేసింది.

పది నిమిషాలు పైనే కూర్చున్నాం. మీ రేటు ప్రకారం 22,800 అవుతుంది. ఆయన అడగలేదు, మీరు ఈ ఉత్తరం చదివి బిల్లు పంపకండి.

ఇట్లు,
1598 రూపాయల కస్టమరు

తా.క.: స్కూలు ఆటో కొండ కిందగా వెళ్ళినప్పుడల్లా మావాడు తల బయటికి పెట్టి చూస్తున్నాడని డ్రైవర్ గారి కంప్లయింటు. నిన్న పైన మేక కనిపించిందట. కొమ్ములున్నాయి కాబట్టి జింకేనంటాడు.