రాంగ్ టైమ్ ప్రేమ సినిమా గారికి ఒక సి షిఫ్ట్ మొగుడు రాయునది

గాజువాక,
విశాఖపట్నం.

మహారాజశ్రీ రాంగ్ టైమ్ ప్రేమ సినిమా గారి సముఖమునకు,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మా ఇంట్లో ఉభయులం ఒకచోట కూర్చుని నాలుగు రోజులైంది. నా వరకు నేను కుశలం. ఆవిడ కూడా కుశలమేనని ఫ్రిజ్ మీద అంటించిన చీటీని బట్టి తెలుస్తోంది. "పెరుగు తోడేశాను, కదపకు" అని ఉంది. కోపంగా ఉంటే "కదపకు" కింద రెండు గీతలు కొడుతుంది. ఈసారి గీతల్లేవు.

మీరంటే నాకు మొదట్నుంచీ ఇష్టమే. ఆ చనువుతోనే ఈ ఫిర్యాదు. మీ కథ ఎప్పుడూ ఒకటే. అబ్బాయీ అమ్మాయీ కలుస్తారు, అప్పుడు అతనికి వేరే అమ్మాయి ఉంటుంది. కొన్నాళ్లకు మళ్లీ కలుస్తారు, ఈసారి ఆమెకి నిశ్చితార్థం అయిపోయి ఉంటుంది. మూడోసారి ఒకరు విమానం ఎక్కుతుంటే ఇంకొకరు దిగుతుంటారు. మేం రెండున్నర గంటలు పాప్‌కార్న్ నములుతూ "అయ్యో, కొంచెంలో తప్పిపోయారే" అని నిట్టూర్చాలి. ఆఖర్న వాన పడుతుంది, వాళ్ల టైమ్ కుదురుతుంది, తెర మీద పేర్లు పడతాయి. ఆఖరి బస్సు పోతుందేమోనని జగదాంబ జంక్షన్‌లో పరిగెత్తేది మాత్రం మేమే.

మీ వంశంలో పెద్దాయన్నే తీసుకుందాం. 1989లో వచ్చిన 'వెన్ హ్యారీ మెట్ శాలీ'. 1977లో చికాగో నుంచి న్యూయార్క్ దాకా ఆ ఇద్దరూ ఒకే కారులో 18 గంటల ప్రయాణం పెట్టుకుంటారు. దిగాక ఎవరి దారి వాళ్లది. ఐదేళ్లకు విమానాశ్రయంలో కనబడతారు, మరో ఐదేళ్లకు పుస్తకాల షాపులో. మొత్తం మీద 12 ఏళ్ల 3 నెలలు పట్టిందని చివర్లో వాళ్లే లెక్క చెబుతారు. అయ్యా, 18 గంటలు పక్కపక్కన కూర్చున్నారే! నాకూ మా ఆవిడకీ వరసగా 18 గంటలు ఎప్పుడు దొరికాయో చెప్పాలంటే క్యాలెండర్ చాలదు, ఇద్దరి డ్యూటీ చార్టులూ తీయాలి. దొరికిన వరాన్ని పోట్లాటకి ఖర్చుపెట్టి, తర్వాత విధిని తిట్టుకోవడం ఏం న్యాయం?

2001లో వచ్చిన 'సెరెండిపిటీ'ది మరీ విడ్డూరం. అబ్బాయి నంబరు ఐదు డాలర్ల నోటు మీద రాయించి, ఆ నోటుని అమ్మాయి ఖర్చుపెట్టేస్తుంది. తన నంబరేమో ఒక పుస్తకంలో రాసి పాత పుస్తకాల షాపుకి అమ్మేస్తానంటుంది. రాసిపెట్టి ఉంటే అవే తిరిగొస్తాయట. ఈ పని మా ఊళ్లో చేసి చూడండి. పెన్ను గీతలున్న పది నోటు తీసుకుని పూర్ణా మార్కెట్‌కి వెళితే కొత్తిమీర కట్ట కూడా రాదు. "ఇది మారదు సార్, వేరేది ఇవ్వండి" అంటారు. పోనీ పెద్ద నోటు మంచిదని ఎవడైనా 500 మీద రాసుకున్నాడనుకోండి, 2016 నవంబర్ 8 అర్ధరాత్రి నుంచి వాడి ప్రేమ చెల్లకుండా పోయేది. ఆ తర్వాత విధి తిరిగి తెచ్చిచ్చినా ఆధార్ జిరాక్స్ పట్టుకుని బ్యాంకు ముందు క్యూ కట్టాల్సి వచ్చేది.

ఇక మీ క్లైమాక్స్ పరుగులు. విమానాశ్రయం సంగతి చెప్పక్కర్లేదు, టికెట్టూ గుర్తింపు కార్డూ చూపించకపోతే సీఐఎస్ఎఫ్ వాళ్లు మీ హీరోని గుమ్మం కూడా దాటనివ్వరు. రైలైనా దొరుకుతుందిలే అనుకుంటారేమో, మా విశాఖ స్టేషన్‌కి ఒక తమాషా ఉంది. విజయవాడ వైపు నుంచి వచ్చి హౌరా వైపు వెళ్లే రైళ్లు ఇక్కడికి వచ్చాక ఇంజను రెండో చివర తగిలించుకుని, వచ్చిన వైపే మళ్లీ బయల్దేరతాయి. మీ హీరో రైలు ముందుకు పోతుందనుకుని పువ్వులు పట్టుకుని ఇటు చివర నిలబడతాడు. హీరోయిన్ అటు నుంచి వెళ్లిపోతుంది. అసలు పరుగెందుకు చెప్పండి? ఇంజను మార్చే లోపు దాదాపు ఇరవై నిమిషాలు ఆగుతుంది. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని, ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు చెప్పొచ్చు ప్రేమిస్తున్నానని.

1998లో 'స్లైడింగ్ డోర్స్' అని ఇంకొకటి తీశారు. లండన్‌లో భూగర్భ రైలు తలుపు మూసుకోవడం, మూసుకోకపోవడం మీద ఒక్క అమ్మాయికి రెండు జీవితాలు. బాగుంది. కానీ మద్దిలపాలెం నుంచి కూర్మన్నపాలెం వెళ్లే మా 400కె బస్సుకి తలుపు మూయడం నేనైతే చూడలేదు. కదిలిన బస్సెక్కినా కండక్టరు తిడుతూనే చెయ్యి పట్టి లాగుతాడు. మా జీవితాలు రెండుగా చీలే అవకాశం ఆర్టీసీ ఎప్పుడూ ఇవ్వలేదు.

అన్నిటికంటే నాకు మండేది, రాంగ్ టైమ్ అనేదాన్ని మీరే కనిపెట్టినట్టు పోజు పెట్టడం. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం, మూఢం అని పేర్లు పెట్టి, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకో నిమిషాలతో సహా అచ్చేసి గోడకి తగిలించిన జాతి మాది. అవి చాలవని ఆషాఢం ఒకటి. పెళ్లయిన తొలి ఏడు కొత్త కోడలు పుట్టింటికి పోవాలి, కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. ఆ నెల్లో కడుపు పండితే కాన్పు నడివేసవిలో వస్తుందని పెద్దవాళ్లు చెప్పే కారణం. 2011లో వచ్చిన మీ 'వన్ డే'లో ఆ జంటను ఏటా జూలై 15న మాత్రమే చూపిస్తారు కదా, మా పంచాంగంలో ఆ తేదీ చాలా ఏళ్లు ఆషాఢంలోనే పడుతుంది. మా పురోహితుణ్ణి అడిగుంటే ముందే వద్దనేవాడు.

(మా ఊళ్లోనే తీసిన 'మరో చరిత్ర' కూడా ఉంది, 1978లో బాలచందర్ గారిది. అందులో పెద్దవాళ్లు ప్రేమికులకి ఏడాది ఎడబాటు గడువు పెడతారు. ఆ కథ ఎక్కడ తేలిందో తలుచుకుంటే నాకు నవ్వు రాదు. అది మీ చుట్టం కాదు, పక్కన పెడదాం.)

మా ఆషాఢం 2013లో వచ్చింది. పెళ్లయి రెండు నెలలు. ఆవిడ భీమిలిలో పుట్టింట్లో, నేను ఇక్కడ గాజువాకలో అద్దె ఇంట్లో. ఒకరోజు సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగి, నిద్రపోకుండా, మాడుగుల హల్వా అరకిలో కొని భీమిలి బయల్దేరాను. ఫోన్ చేయలేదు. సర్‌ప్రైజ్! ఈ రోగం మీరు అంటించిందే. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో 900కె బస్సెక్కి, మీ హీరోలాగే చెవుల్లో పాటలు పెట్టుకుని, కుడివైపు కిటికీ దగ్గర సముద్రం చూస్తూ కూర్చున్నాను. రుషికొండ దగ్గర ఎదురుగా ఇంకో 900కె వచ్చింది. ఎదురొచ్చే బస్సు సముద్రానికీ నాకూ మధ్యలోంచే పోవాలి కదా. ఒక్క క్షణం సముద్రం కనబడలేదని విసుక్కున్నాను.

ఆ అడ్డొచ్చిన బస్సులో మా ఆవిడ ఉంది.

భీమిలిలో గేటు తీయగానే మా అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏటి బాబూ ఇలా వచ్చీసారు? పాప మీకాడికే ఎల్లింది కదా!" అని. వెంటనే ఆషాఢం గుర్తొచ్చి "గడప తొక్కకండి" అంటూ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొబ్బరిచెట్టు కింద వేసింది. మజ్జిగ కూడా అక్కడికే వచ్చింది. వీధిలో వాళ్లంతా కొత్తల్లుణ్ణి చూడటానికి ఒక్కొక్కరే వచ్చి పోయారు. హల్వా మాత్రం గడప దాటింది. నేను ఆవిడకి ఫోన్ చేస్తే లోపల్నుంచి మోగింది, చార్జింగ్‌కి పెట్టి మరిచిపోయి వెళ్లిందట. ఇక్కడ గాజువాకలో ఆవిడ తాళం వేసిన తలుపు ముందు నిలబడింది. కింద ఓనరమ్మ గారు కాఫీ ఇచ్చి, "మీ ఆయన మంచి చొక్కా వేసుకుని పొద్దున్నే ఎటో వెళ్లాడమ్మా" అని ఉన్నమాట చెప్పారు. ఆ మాట విన్నాక కాఫీ ఎలా దిగిందో ఇప్పటికీ చెబుతుంది. నాకు ఫోన్ చేద్దామంటే నా నంబరు నోటికి రాదు, తన నంబరొకటే వచ్చు. దానికే చేసింది. మా అత్తగారు ఎత్తింది.

ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి. నేను "వస్తున్నా, అక్కడే ఉండు" అంటున్నాను. ఆవిడ "నేనే వస్తున్నా, అక్కడే ఉండు" అంటోంది. ఇంకో పది నిమిషాలు అలాగే వదిలేస్తే రుషికొండ దగ్గర మళ్లీ రెండు బస్సులు ఎదురుపడేవి. మీ రచయిత అయితే తెర మీద 'ఐదేళ్ల తరువాత' అని వేసుండేవాడు. మా అత్తగారు ఫోన్ లాక్కుని, "సాయంత్రం ఆరింటికి ఇద్దరూ కాంప్లెక్స్‌కి రండి" అని కేకేసింది. మీ సినిమాల్లో ఇంత పెద్ద న్యూయార్క్‌లో ఒక్క అత్తగారు ఉండదు, ఒక్క ఓనరమ్మ ఉండదు. ఉంటే మీ కథలన్నీ ఇంటర్వెల్‌కి ముందే తేలిపోతాయి, ఆ భయంతోనే పెట్టరనుకుంటా.

కాంప్లెక్స్‌లో అరగంట దొరికింది. వాన పడలేదు, ఉక్కపోత. రెండు టీలు తాగాం. నాకు మళ్లీ సి షిఫ్ట్, ఆవిడకి భీమిలి బస్సు. హల్వా తిన్నావా అని అడిగాను. రాలేదుగా నేనింకా ఇంటికి, అంది.

అప్పుడు పెళ్లయి రెండు నెలలే కాబట్టి ఇదంతా సరదా. అసలు రాంగ్ టైమ్ ఏమిటో ఆ తర్వాత తెలిసింది. మా ప్లాంటులో ఎ షిఫ్ట్ ఉదయం ఆరు నుంచి రెండు, బి రెండు నుంచి పది, సి పది నుంచి ఆరు. ఆవిడ నర్సు. ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది. ఈ రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. రెండింటిలో ఖాళీ ఒకేచోట పడే రోజు కోసం గ్రహణం లెక్కలు కట్టేవాణ్ణి పిలవాలి. ఆవిడ వంట చేసేటప్పుడు నేను నిద్ర, నేను తినేటప్పుడు ఆవిడ బస్సులో. ఈ ఊళ్లో మేమే ఇలా ఉన్నామనుకోకండి. ఓడెక్కి ఆర్నెల్లకి దిగేవాళ్లున్నారు, శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కి శనివారం సగం నిద్రకి పోగొట్టుకునేవాళ్లున్నారు. మా అమ్మాయికి బళ్లో 'నా కుటుంబం' బొమ్మ వేయమన్నారట. నాన్న దుప్పటి కప్పుకుని ఉన్నాడు. అమ్మ చెప్పులు వేసుకుంటోంది. టీచరు ఫుల్ మార్కులు ఇచ్చింది.

మీరు పేర్లు వేసేసి లేచిపోయే చోట మాకు మొదలవుతుందండీ. ఆ తర్వాతి రీళ్లు మీరెప్పుడూ తీయలేదు.

ఒక్కసారి మాత్రం మీ స్థాయి సీను పడింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. ఆవిడ శనివారం నైట్ డ్యూటీకి వెళ్లి ఆసుపత్రిలోనే ఉండిపోయింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. సోమవారం పొద్దున్నే పడిపోయిన చెట్ల మీదుగా ఆసుపత్రి వైపు నడక మొదలుపెట్టాను. అప్పటికే ఆవిడ ఇంటి వైపు నడుస్తోంది. ఇద్దరం నడుస్తున్నాం కాబట్టి ఈసారి తప్పిపోలేదు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఎదురుపడ్డాం. వాటేసుకోలేదు, పాట రాలేదు. నా మొహం వంక కాసేపు చూసి, "ఇంట్లో నీళ్లున్నాయా?" అంది. రెండు బకెట్లున్నాయన్నాను. ఆ చెట్టు మొద్దు మీద కూర్చున్న సేపు ఎంతో నాకు తెలీదు. వాచీ ఉంది, చూడలేదు.

కాబట్టి నా మనవి చిన్నది. ఈసారి మీరు తీసే సినిమాలో ఆ ఇద్దరికీ మొదటి పావుగంటలోనే పెళ్లి చేసేయండి. తర్వాత ఆమెని నైట్‌లో వేయండి, అతన్ని ఎ షిఫ్ట్‌లో వేయండి. గ్యాస్ బండ వచ్చే రోజు ఇద్దరూ ఇంట్లో లేకుండా చూడండి. సస్పెన్స్ ఎలా ఉంటుందో అప్పుడు చూద్దురు గాని.

ఇంక ముగిస్తాను, తొమ్మిది కావస్తోంది. పాప కింద ఓనరమ్మ గారింట్లో హోంవర్క్ చేస్తోంది. ఆవిడ ఎనిమిదింటికి డ్యూటీ దిగి 400కెలో వస్తుంది. నేను ప్లాంటుకి ఎక్కాల్సింది కూడా ఆ బస్సే. స్టాపులో ఒక అర నిమిషం దొరుకుతుంది. తాళం చేతికివ్వాలి, సాంబారు వేడి చేసి పెట్టానని చెప్పాలి.

ఇట్లు,
మీ పాత ప్రేక్షకుడు

తా.క.: ఇది బస్సులోంచి రాస్తున్నాను. ఆవిడ ముందు తలుపు నుంచి దిగింది, నేను వెనక తలుపు నుంచి ఎక్కాను. తాళం నా జేబులోనే ఉంది.