మీదే ఊరండీ?

ఐర్లండ్ వచ్చిన కొత్తలో ఎవరైనా ఊరడిగితే "ఇండియా" అనేదాన్ని. మరీ గుచ్చి అడిగితే "హైదరాబాద్ వైపు" అని అబద్ధం. మదనపల్లెకూ హైదరాబాదుకూ ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు. మా పక్కింటి పెద్దావిడ మాత్రం వదల్లేదు. "దేశం కాదమ్మా, ఊరు చెప్పు" అంది. చెప్పాను. ఆవిడది రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ అని తెలిసి నేనే ఎగిరి గంతేశాను. 1919లో ఠాగూర్ మదనపల్లె వచ్చినప్పుడు జనగణమన బాణీకి స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ పుట్టింది ఆ బాయిల్‌లోనే. ఇద్దరం ఊళ్ళ పేర్లు చెప్పుకోబట్టి గానీ, "ఇండియా", "ఐర్లండ్" అనుకుని ఊరుకుంటే ఆ సాయంత్రం వాన గురించి మాట్లాడుకుని లేచిపోయేవాళ్ళం.

ఆవిడ వేసవిలో ఒక గది అద్దెకిస్తుంది. వచ్చేవాళ్ళలో సగం మంది పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వచ్చే అమెరికన్లు. పోయినేడాది వచ్చినాయన ల్యాప్‌టాప్‌లో వంశవృక్షం చూపించాడు. కొమ్మలూ రెమ్మలూ కలిపి వందల పేర్లు. ఏళ్ళ తరబడి వెబ్‌సైట్లకు చందాలు కట్టాడట, డీఎన్‌ఏ పరీక్షా చేయించుకున్నాడట. "మీదే ఊరు?" అంది పెద్దావిడ. "కార్క్" అన్నాడు. "కార్క్‌లో ఎక్కడ?" ఆయన దగ్గర జవాబు లేదు. కార్క్ ఈ దేశంలో అన్నిటికన్నా పెద్ద కౌంటీ. "మాది చిత్తూరు జిల్లా" అని చెప్పి తాతగారి ఇల్లు చూపించమన్నట్టుంది.

అందుకే నాదొక గట్టి అభిప్రాయం: ఐరిష్ వంశచరిత్ర వెతకాలనుకున్నవాళ్ళు కంప్యూటర్ దగ్గర కాదు, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ మంచం పక్కన మొదలుపెట్టాలి. అడగాల్సింది తాత పేరు కాదు, ఊరి పేరు. ఇక్కడి రికార్డులన్నీ ఊరిని పట్టుకునే ఉన్నాయి. టౌన్‌లాండ్ అంటారు, మన పల్లె లాంటిదే. కొన్నయితే నాలుగు పొలాలకు మించవు. అలాంటివి దేశం మొత్తంలో 60,000 పైనే. వలసపోయినవాళ్ళ సంగతి చూస్తే, అమెరికా జనాభా లెక్కల్లో పుట్టిన చోటు గడిలో చాలా మందికి ఉన్నది ఒక్కటే మాట, "ఐర్లండ్". ఆ ఒక్క మాటతో మర్ఫీ, కెల్లీ లాంటి ఇంటిపేర్లవాళ్ళని వెతకడం గడ్డివాములో సూదిని వెతకడమే.

"ఐర్లండ్ రికార్డులన్నీ కాలిపోయాయిగా" అని మరికొందరు మొదట్లోనే చేతులెత్తేస్తారు. సగం నిజం. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల ప్రాంగణంలోని రికార్డుల భవనం పేలి తగలబడింది. ఏడు శతాబ్దాల కాగితాలు బూడిదయ్యాయి. 1821 నుంచి 1851 దాకా జనాభా లెక్కలు దాదాపు మొత్తం అందులోనే పోయాయి. అయితే తప్పంతా ఆ మంటదే కాదు. 1861, 1871 లెక్కలను సర్కారువాళ్ళే నాశనం చేయించారు. 1881, 1891 లెక్కలను మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కరువొచ్చి గుజ్జు చేశారు. శత్రువు కన్నా గుమాస్తానే ఎక్కువ ప్రమాదం అని నాకు అప్పుడే అర్థమైంది. ఆ తగలబడిన భవనాన్ని 2022లో, నూరేళ్ళకు, ట్రినిటీ కాలేజీ ఆధ్వర్యంలో ఆన్‌లైన్‌లో మళ్ళీ కట్టారు. ఎప్పుడో ఎవరో రాసుకుని దాచుకున్న నకళ్ళను ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చి పేర్చారు.

పూర్తిగా మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతవి 1901, 1911 లెక్కలు. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు వీటిని పైసా అడక్కుండా ఇంటర్నెట్‌లో పెట్టారు. నేను రాత్రిళ్ళు టీవీ మానేసి చూసేది ఇవే. ఇంటి గోడలు దేనివి, కప్పు ఏమిటి, ముందు వైపు కిటికీలెన్ని అని ఒక ఫారం. పశువుల కొట్టం, కోళ్ళగూడు, పందుల దొడ్డి ఉన్నాయా అని ఇంకొక ఫారం. ఇంటి మనుషుల ఫారంలో ఎవరికి చదువొచ్చు, ఎవరికి ఐరిష్ మాట వచ్చు. 1911 ఫారంలో పెళ్ళయిన ఆడవాళ్ళను అడిగిన ప్రశ్నలు చూస్తే గుండె ఆగినట్టవుతుంది. పెళ్ళయి ఎన్నేళ్ళు? పుట్టిన బిడ్డలెందరు? బతికున్నవాళ్ళెందరు? పక్కపక్క గడుల్లో పదకొండు, ఆరు అని ఉంటుంది. ఇక అక్కడ ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

అదే ఫారంలో నవ్వొచ్చే సంగతీ ఉంది. మా పెద్దావిడ ముత్తవ్వకు 1901లో 58 ఏళ్ళు, 1911లో 71. పదేళ్ళలో పదమూడేళ్ళు పెరిగింది! ఆ ఊళ్ళో ఆవిడ ఒక్కతే కాదు. 1909 జనవరి నుంచి 70 దాటినవాళ్ళకు వారానికి ఐదు షిల్లింగుల దాకా పింఛను. అందరి పుట్టుకలూ ప్రభుత్వ రిజిస్టరులో రాయడం మొదలైంది 1864లో కాబట్టి, ముసలివాళ్ళ దగ్గర జనన పత్రాలుండవు. వయసు తేల్చడానికి అధికారులు డబ్లిన్‌లో 1841, 1851 లెక్కలు తీసి చూసేవారు, ఫలానా ఇంట్లో ఫలానా పిల్ల ఉందా లేదా అని. తర్వాత ఆ లెక్కల పుస్తకాలు తగలబడ్డాయి. వెతికిన చీటీలు మాత్రం బతికిపోయాయి! అవీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితమే. ముసలమ్మ పింఛను ఆశ వల్ల ఒక కుటుంబం మొత్తం బూడిదలోంచి బయటపడిందన్నమాట.

కాబట్టి కాగితంలో ఉన్నదల్లా వేదం అనుకోకండి. పుట్టుక నమోదుకు గడువు దాటితే జరిమానా, అందుకని తండ్రులు అసలు తేదీకి బదులు కాస్త తర్వాతి తేదీ రాయించేవారు. బిడ్డ పుట్టకముందే బాప్తిస్మం జరిగినట్టు కనిపిస్తే కారణం సాధారణంగా అదే. కాథలిక్ చర్చి రిజిస్టర్లను నేషనల్ లైబ్రరీ 2015లో ఉచితంగా పెట్టింది. చాలా వాటిలో పేర్లు లాటిన్‌లో ఉంటాయి, ఇంట్లో జేమ్స్ అక్కడ యాకోబుస్. అయితే లైబ్రరీ సైట్‌లో పేరు కొట్టి వెతికే వీలు లేదు. పారిష్, అంటే ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం, ఎంచుకుని పేజీలు తిప్పుకోవాలి. మళ్ళీ ఊరి పేరే!

పేరొక్కటే పట్టుకుంటే ఏమవుతుందో ఆనీ మూర్ కథ చెబుతుంది. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో వలస వచ్చేవాళ్ళ కేంద్రం ఎల్లిస్ ఐలండ్ తెరిచినప్పుడు మొట్టమొదట అడుగుపెట్టిన కార్క్ పిల్ల. పది డాలర్ల బంగారు నాణెం బహుమతిగా ఇచ్చారు. తర్వాత ఆమె టెక్సస్ వెళ్ళిందని, అక్కడే ప్రమాదంలో పోయిందని ఏళ్ళ తరబడి నమ్మారు. ఆ టెక్సస్ ఆవిడ వారసులను సభలకు పిలిచి సన్మానాలు కూడా చేశారు. తీరా కాగితాలు తీసి చూస్తే టెక్సస్ ఆనీ పుట్టింది ఇల్లినాయ్‌లో! అసలు ఆనీ న్యూయార్క్ దాటి ఎక్కడికీ పోలేదు. అక్కడే పెళ్ళి చేసుకుని, చాలా మంది బిడ్డలను కని, 1924లో పోయింది. 2006లో గానీ ఆ చిక్కు విడలేదు. న్యూయార్క్ క్వీన్స్‌లోని ఆమె సమాధికి అప్పటిదాకా రాయి కూడా లేదు.

వెబ్‌సైట్లలో ఒకరి చెట్టులోంచి ఇంకొకరు కొమ్మలు విరిచి అంటుకట్టుకునేవాళ్ళంటే నాకు అందుకే చిరాకు. ఒకరి తప్పు నలభై మంది దగ్గర కనిపించేసరికి నిజమైపోతుంది. డీఎన్‌ఏ పరీక్ష నూటికి ఇంత ఐరిష్ అని చెబుతుంది, మంచిదే. దానికి ఊరు తెలియదు.

ఇంతా చెప్పి మన సంగతి చెప్పకపోతే ఎలా? మన ఇంటిపేర్లలో చాలా వాటికి ఊరే మూలం గానీ, ఆ ఊరు ఎన్ని తరాల కిందట వదిలామో ఎవరికీ తెలియదు. ఇక్కడి లెక్కరాయుళ్ళు సలివాన్ అనే ఇంటిపేరుని రకరకాలుగా రాశారని నవ్వుకున్నాను. మా ఇంటిపేరు నా పాస్‌పోర్టులో ఒక రకంగా, మా తమ్ముడి పాస్‌పోర్టులో ఇంకొక రకంగా ఉంది. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టులో తల్లిదండ్రుల ఊరు అని ఉన్న చోట "ఇండియా" అని రాసుకొచ్చింది. దాన్ననడానికి నాకు నోరు రాలేదు.

ఆ ఆదివారం పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఎనభై నాలుగేళ్ళు, చెవి సరిగా వినపడదు. అవ్వ పుట్టింటి ఊరేదని మూడుసార్లు అరిచి అడిగాను.

"ములకలచెరువు కాడ" అని పల్లె పేరు చెప్పింది. అక్షరం అక్షరం పలికించి రాసుకుంటుంటే అనుమానం వచ్చినట్టుంది. "ఇప్పుడెందుకు పాపా? ఆడ భూమేమన్నా వస్తాదా మనకు?"