తోక ఆడటం వేరు, మందు వెతుక్కోవడం వేరు

చేప గిలగిలలాడటం ఉత్త రిఫ్లెక్సే (ఒళ్లు దానంతటదే కదలడం), నొప్పి కాదని ఈమధ్య చదివిన ఓ వ్యాసంలో తేల్చేశారు. హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్లో కొరమీను తలమీద ఒక్కటిచ్చి, బూడిద రాసి పొలుసు గీస్తుంటే తోక ఇంకా ఆడుతూనే ఉంటుంది. అది రిఫ్లెక్సంటే సరే, ఒప్పుకుంటా. మరి 2003లో వచ్చిన బ్రిటన్ పరిశోధన సంగతో? ట్రౌట్ చేపల పెదవుల్లోకి ఆసిడ్ ఎక్కిస్తే, మూతిని గులకరాళ్లకేసి రుద్దుకున్నాయి, చాలాసేపు మేత ముట్టలేదు. నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు ఇస్తే ఆ రుద్దుకోవడం తగ్గింది. కుంటే బ్రాయిలర్ కోళ్లయితే, రెండు రకాల దాణా పెడితే నొప్పి మందు కలిపినదాన్నే ఎక్కువ తిన్నాయి. (చికెన్ నేనూ తింటా, అది వేరే పంచాయితీ.) జంతువులకూ బాధ తెలుస్తుందని గుర్తించే బ్రిటన్ 2022 చట్టంలో పీతలు, ఆక్టోపస్‌లు కూడా చేరాయి. వీటిమీద వ్యాసకర్తగారు ఒక్క ముక్కైనా రాయాల్సింది.